ఆకాశానికి ఎక్స్‌రే తీసిన రోజు

నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి, నాకు ఏమీ అర్థం కాదన్న సంగతి బాగా అర్థమైంది. మూడోసారి కూర్చోబెడితే ఏమవుతుందోనని మా లెక్కల సారే భయపడి, మా నాయనను బడికి పిలిపించి, "వీణ్ని ఏదన్న పనిల పెట్టు పెద్దయ్యా, గీడ ఒక బెంచీ అయినా ఖాళీ అయితది" అన్నాడు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కింద రాసేది చదివి, ఎవరో తెలివైనవాడు కూర్చుని కల్పించాడని మీరు అనుకోకూడదు. కల్పించడానికి కావలసిన సరుకు నా దగ్గర లేదు.

నాకు దయ్యాల మీద నమ్మకం కూడా లేదు. ఉంటే నా పొట్ట గడిచేది కాదు. పదహారేళ్ల వయసులో కోదాడలో ఒక ఎముకల డాక్టరు దగ్గర చేరి, ఇరవై రెండేళ్లు ఆయన ఎక్స్‌రే డార్క్ రూమ్‌లో పనిచేశాను. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న గది. కిటికీ లేదు. మూలన ఒక ఎర్ర బల్బు, వెలిగినా ఒకటే ఆరినా ఒకటే. మూడు తొట్లు. ఒకదాంట్లో బొమ్మను తేల్చే డెవలపర్, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో బొమ్మను నిలిపే ఫిక్సర్. కోదాడ చుట్టుపక్కల విరిగిన చేతులు, అరిగిన మోకాళ్లు అన్నీ ఆ తొట్లలోనే నా కళ్ల ముందు తేలాయి. ఇంతమంది ఎముకలు తేలిన చోటికి ఒక్క దయ్యమూ రాలేదు. వచ్చి ఉంటే, తలుపు తీసి ఫిలిం పాడుచేసినందుకు నాలుగు తిట్టి, హ్యాంగర్లు అందించమని పని చెప్పేవాణ్ని.

మా డాక్టరు సారు ఫిలిం చూసే పద్ధతి ఒకటుంది. లైటు డబ్బాకి తగిలించి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, రెండు నిమిషాలు నోరు విప్పరు. ఎముక అంచు ఒక గీతగా కాకుండా రెండు గీతలుగా కనిపించిందో, నా పని అయిపోయినట్టే. "పేషెంటు కదిలాడ్రా. ఊపిరి బిగబట్టమని చెప్పలేదా?" అనేవారు. ఇరవై రెండేళ్లలో ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే. రెండోది "నీ జోకులు పేషెంట్లు వెళ్లాక వేసుకో".

తర్వాత డిజిటల్ మిషన్లు వచ్చాయి. సారు పెద్దవారై ప్రాక్టీసు మానేశారు. కింద క్లినిక్కు షట్టరు దించి, పైన ఇంట్లో ఉంటున్నారు. మిషన్ అమ్మేశారు, గోడకి దాని బోల్టుల గుంటలు మిగిలాయి. డార్క్ రూమ్ మాత్రం తీయించలేదు. దాని తాళంచెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నేనేమో సూర్యాపేటలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో పనిచేస్తున్నాను. అక్కడ చీకటి లేదు, తొట్లు లేవు. కంప్యూటర్ నొక్కే అమ్మాయి వేరే ఉంది. పేషెంట్లను నిలబెట్టి, "గాలి పీల్చు, పట్టు, కదలకు, ఇగ వదులు" అనడం నా ఉద్యోగం. గొంతు ఒక్కటే డిజిటల్ కాలేదు.

ఇక అసలు మనిషి సంగతి. మిర్యాలగూడలో మా అక్క ఉంటుంది. మా బావ అక్కడ రైస్ మిల్లులో బాయిలర్ చూస్తాడు. వాళ్ల కూతురు స్రవంతి, నా మేనకోడలు. మా రెండు కుటుంబాలకు రావలసిన తెలివంతా ఆ పిల్ల ఒక్కతే పట్టుకుపోయింది. బెంగళూరులో పీహెచ్‌డీలో చేరింది. దేని మీద అని అడిగితే ఫోన్లో "ఎక్స్‌రే మీద మామా" అంది. నేను సూర్యాపేట బస్టాండు దగ్గర టీ కొట్టులో పదిమందికి చెప్పాను, మా కోడలు మా లైన్లోకే వస్తోందని. మా సెంటర్ ఓనరుతో మాట్లాడి పోస్టు కూడా ఒకటి ఖాయం చేశాను.

సెలవులకి వచ్చినప్పుడు ఆ సంగతి చెబితే నెత్తి కొట్టుకుంది. "మామా, నేను చూసేది మనుషుల ఎక్స్‌రేలు కాదు. గెలాక్సీలయి."

"గెలాక్సీకి ఏం విరిగింది?" అన్నాను.

"విరగలే. రెండు గెలాక్సీలు గుద్దుకుంటున్నయి."

"ఆక్సిడెంట్ కేసా? అయితే ముందు పోలీసు కాగితం తెమ్మను."

ఆ రోజు బాగా నవ్వింది. తర్వాత నన్ను మిల్లు వెనక్కి తీసుకుపోయింది. అక్కడ బాయిలర్లో కాలిన ఊక బూడిదంతా కుప్ప పోస్తారు. మనిషి ఎత్తు కుప్పలు. పైన చల్లగా, నల్లగా, చంటిపిల్లకి పక్క పరిచినట్టు మెత్తగా ఉంటుంది. మా బావ ఎప్పటిలాగే దూరం నుంచి అరిచాడు. "బామ్మర్దీ, గాడ కాలు పెట్టకు! పైన బూడిదే, లోపల నిప్పు ఉంటది."

"నేను సదివేది గదే మామా," అంది స్రవంతి. కొన్ని గెలాక్సీలు అలా ఉంటాయట. మన ఆకాశంలో మామూలుగా కనబడే గెలాక్సీల కంటే ఎన్నో రెట్లు వెలుగు ఉంటుంది, కానీ ఆ వెలుగంతా దుమ్ములో కూరుకుపోయి ఉంటుంది. బయటికి వచ్చేది వేడి మాత్రమే. ఇన్‌ఫ్రారెడ్ అంటారు. కరోనా టైములో గేటు దగ్గర నుదుటికి పెట్టారే, ఆ గన్ను పట్టుకునేది దాన్నే. లోపల అంత వేడి ఎక్కడిది? కొత్త నక్షత్రాలు వేలకొద్దీ రవ్వల్లా రాజుకుంటున్నాయా? లేక అన్నిటినీ మింగే ఒక్క బ్లాక్ హోల్ నడిమధ్యలో కూర్చుని ఉందా? పైన చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. ఎక్స్‌రే అయితే దుమ్ములోంచి దూరి బయటికి వస్తుంది. అది ఎలా వస్తుందో చూసి లోపల ఏముందో చెప్పవచ్చు. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాడికి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇదంతా మొదటి సంవత్సరం మాట. నేను చెప్పబోయేది ఆమె ఐదో సంవత్సరంలో జరిగింది.

ఎండాకాలం మొదట్లో అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పిల్ల వచ్చి ఆరు రోజులాయె. అన్నం ముందల పెట్టుకొని లాప్‌టాప్ దిక్కే సూస్తున్నది. నువ్వొచ్చి నీ పిచ్చి మాటలు రెండు మాట్లాడు, నవ్వుతదేమో." నా అర్హత అది. మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాను.

సంగతి ఇది. స్రవంతి చూసే గెలాక్సీకి పేరు లేదు, ఫోన్ నంబరంత పొడుగు అంకె ఒకటుంది. అది నిజానికి రెండు గెలాక్సీలు. ఒకదాంట్లోకి ఒకటి దూసుకుపోతూ ఇంకా కదులుతూనే ఉన్నాయి. అలాంటప్పుడు లోపల రెండు గుండెలు ఉండాలి. గుండె అన్నది నా మాట, ఆమె వేరే మాట వాడుతుంది. పైన తిరిగే ఉపగ్రహం పదకొండు గంటలు దానివైపే చూసి తీసిన ఎక్స్‌రేలో ఒక్క గుండే కనిపించింది. రెండోదాని మీద దుమ్ము మరీ మందంగా ఉంది కాబట్టి కనబడలేదని ఆమె వాదన. రెండోది లేనే లేదని వాళ్ల గైడు వాదన. ఇంకా ఎక్కువసేపు చూస్తే తేలుతుంది. కానీ ఆ ఉపగ్రహం మీద ప్రపంచంలో అందరూ టైము అడుగుతారు. అర్జీ పెట్టడానికి శుక్రవారం ఆఖరి రోజు. ఫెలోషిప్ అయిపోవస్తోంది కాబట్టి ఆమెకి ఇదొక్కటే అవకాశం. ఈ గెలాక్సీకే మళ్లీ అడిగి, రెండో గుండె లేదని తేలితే, ఐదేళ్ల పని గాలికి పోయినట్టే. గైడు చెప్పినట్టు వేరే సులువైన గెలాక్సీకి అడిగితే డిగ్రీ వస్తుంది, కానీ తన మాట తానే కాదన్నట్టవుతుంది.

నేను వెళ్లింది బుధవారం. రెండు పూటలు నా జోకులన్నీ వేసి చూశాను. పిల్ల మర్యాద కోసం నవ్వింది. అంతకంటే అవమానం లేదు.

గురువారం పొద్దున "పా కోడలా, నీ గెలాక్సీకి నేను తీస్త ఎక్స్‌రే" అని హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కించి కోదాడ తీసుకుపోయాను. నా ఉద్దేశం తమాషా, ఇంకేమీ లేదు. పాత గది చూపిద్దాం, నాలుగు నవ్వులు నవ్విద్దాం అనుకున్నాను.

డార్క్ రూమ్ బీరువాలో పది బై పన్నెండు అంగుళాల ఫిలిం డబ్బా ఒకటి ఉంది. గడువు దాటి ఆరేళ్లయింది. అందులో మూడు ఫిలింలు మిగిలాయి. డెవలపర్, ఫిక్సర్ పొడి పాకెట్లు చెరొకటి విప్పకుండా ఉన్నాయి. నీళ్లు కాచి కలిపాను. ఎర్ర బల్బు కింద ఒక ఫిలిం క్యాసెట్‌లో పెట్టి మూశాను. క్యాసెట్ అంటే వెలుగు దూరని పల్చటి ఇనప పెట్టె, అట్టంత ఉంటుంది. ఎక్స్‌రే మాత్రమే దూరుతుంది.

మేడెక్కాం. పదకొండు కావస్తోంది. స్రవంతి ఫోన్లో చూసి, "గిప్పుడు మన నెత్తి మీదనే ఉన్నది మామా, జర ఉత్తరం దిక్కు" అని వేలు చూపించింది. ఎండలో గెలాక్సీ. నేను క్యాసెట్‌ని నీళ్ల ట్యాంకు పక్కన పరిచాను. వేడికి ఫిలిం పాడవకుండా తడి గోనెసంచి కప్పాను.

"మామా, జెప్తున్న, ఇను," అంది. "ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌రే నేల దాకా రాదు. గాలే ఆపేస్తది. అందుకే ఉపగ్రహం పంపుతరు."

"ఆపితే ఆపనీ. మనదేం పోయింది, గోనెసంచా?"

"వచ్చినా బొమ్మ పడదు. దానికి అద్దాలు కావాలె. ఉత్త ఫిలిం మీద పడితే అంతా ఒక్కతీరుగ పరుచుకుంటది."

"నువ్వు పేషెంటు తరఫున మాట్లాడకు," అన్నాను.

ఎక్స్‌రే తీసేటప్పుడు పేషెంటు కుడి పక్కన ‘ఆర్’ అనే అక్షరం పెడతాం. సీసంతో చేసింది. సీసంలోంచి ఎక్స్‌రే పోదు కాబట్టి ఫిలిం మీద ఆ అక్షరం తెల్లగా వస్తుంది, కుడి ఏదో ఎడమ ఏదో తెలుస్తుంది. గెలాక్సీకి కుడిచెయ్యి ఏదని అడిగాను. చేతులు లేవంది. అయితే మీ బొమ్మల్లో ఎడమ పక్కకి ఏ దిక్కు వస్తుంది అన్నాను. తూర్పు అంది. ఎక్స్‌రే చూసేటప్పుడు పేషెంటు కుడిచెయ్యి మాకు ఎడమ పక్కకే వస్తుంది, ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు. అందుకని గోనెసంచి ఎత్తి, క్యాసెట్ మీద తూర్పు అంచున సీసపు ఆర్ పెట్టి, మళ్లీ కప్పాను.

తర్వాత ఆకాశం వైపు తిరిగి, సెంటర్లో అరిచినట్టే అరిచాను. "గాలి పీల్చూ! పట్టూ! కదలకు!"

అప్పుడు నవ్వింది. ట్యాంకు గోడ పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పక్క మేడ మీద మిరపకాయలు ఎండబెడుతున్న ఆవిడ ఆగి చూసింది. నా పని అయిపోయింది. నిజానికి అక్కడితో తిరిగి వచ్చేయవచ్చు.

భోజనం చేసి, రెండున్నరకి ఫిలిం దించి కడిగాను. స్రవంతి పక్కనే నిలబడింది. ఎక్స్‌రే తగలని ఫిలిం కడిగితే అద్దంలా తెల్లగా వస్తుంది. పాతదైతే కొంచెం బూడిద రంగు, అంతటా ఒకేలా. ఇది నాకు అరచేతి గీతల్లా తెలిసిన సంగతి. ఫిక్సర్లోంచి తీసి లైటు డబ్బా మీద పెట్టాను.

అంతా పల్చటి బూడిద రంగు. దాని మీద అక్కడక్కడా నల్ల చుక్కలు, గుంపులు గుంపులుగా. కుడి అంచున, తెల్లగా, ఆర్.

నేను మొదట చూసింది చుక్కల్ని కాదు, ఆ అక్షరాన్ని. ఎందుకంటే అది రావడానికి వీల్లేదు. ఫిలిం పాతబడి వచ్చిన బూడిద రంగైతే క్యాసెట్ బయట పెట్టిన సీసం దాన్ని ఆపలేదు. ఎండ వేడి వల్ల వచ్చినదైనా ఆపలేదు. క్యాసెట్ సందులోంచి వెలుగు దూరితే అంచుల వెంబడి నల్లబడుతుంది కానీ అక్షరం పడదు. సీసం ఆపేది ఎక్స్‌రే ఒక్కదాన్నే. అది ఆ ఇంట్లో లేదు, ఆ వీధిలో లేదు. ఉన్నా పక్కనుంచి వస్తే అక్షరం వాలుగా, సాగినట్టు పడాలి. ఇది అచ్చు గుద్దినట్టు నిటారుగా పడింది. అంటే సరిగ్గా పైనుంచి.

నేను ఏ జోకూ వేయకపోవడం చూసి స్రవంతి నవ్వు ఆపింది.

తర్వాత లాప్‌టాప్ తెరిచి తన గెలాక్సీ బొమ్మ పెట్టి, ఫిలిం పక్కన పట్టుకుంది. మధ్యలో గుండె, దాని చుట్టూ ఆకాశంలో వేరే వేరే వస్తువులవి చుక్కల గుంపులు నాలుగు. ఫిలిం మీద ఒకటీ కలవలేదు. "సూసినవా, ఏం లేదు," అని ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

ఆరబెట్టడానికి ఫిలిం తీస్తుంటే ఊరికే అడిగాను. మీకు తూర్పు ఎడమ పక్కకి ఎందుకు వస్తుంది, దేశాల మ్యాపుల్లో కుడి పక్కకి కదా అని.

"మ్యాప్ అంటే కిందికి చూసేది. మేం పైకి చూస్తం కద మామా, పండుకొని చూసినట్టు."

"మరి పండుకో."

నేను జోక్‌గానే అన్నాను. ఆమె నా ముఖం చూసి, ముందు గదిలో సారు పేషెంట్లను పరీక్షించే పాత బల్ల మీద వెల్లకిలా పడుకుంది. నేను ఫిలింని ఆమె ముఖానికి ఎత్తుగా, కిటికీ వెలుగు పడేలా, మేడ మీద ఎలా ఉందో అలాగే పట్టుకున్నాను. కింది నుంచి చూస్తే ఆర్ తిరగబడి, ఎడమ పక్కకి వచ్చింది. మా పద్ధతిలో పేషెంటు కుడిచెయ్యి ఉండాల్సిన చోటికి. ఆమె లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని, బొమ్మని పెంచి, తగ్గించి చూసింది.

నా చేతులు లాగుతున్నాయి.

"దించకు మామా," అంది.

ఐదు గుంపులూ బొమ్మలోవాటితో సరిగ్గా కలిశాయి. మధ్యలోది, చుట్టూ నాలుగు. ఇవి కాక ఫిలిం మీద ఇంకో రెండు చోట్ల చుక్కలున్నాయి. ఒకటి కింది మూలన, ఒంటరిగా. రెండోది మధ్యలో ఉన్న గుండెకి ఆనుకుని, ఎడమ పైపక్కన. రెండే రెండు చుక్కలు. ఆమె ఐదేళ్లుగా రెండో గుండె ఉందంటున్న చోటు.

నేను సంబరపడబోయాను. ఆమె లేచి కూర్చుని, డబ్బాలో మిగిలిన రెండు ఫిలింలలో ఒకదాన్ని బయట పెట్టకుండా అలాగే కడగమంది. కడిగాను. అంతటా ఒకేలా బూడిద రంగు, చుక్క లేదు. మర్నాడు పొద్దున మళ్లీ కోదాడ వచ్చి, అదే వేళకి, అదే ట్యాంకు పక్కన, అదే గోనెసంచి కింద మూడోది పెట్టించింది. ఆర్ కూడా పెట్టాను. కడిగితే చుక్క లేదు, అక్షరం లేదు. రెండోరోజు నేను ఆకాశానికి అరవలేదు. అరిస్తే బాగుండేదేమో అని తర్వాత అనిపించింది. కానీ ఫిలింలు అయిపోయాయి.

తిరుగు బస్సులో ఆమె ఒక్కటే అంది. "మామా, నేను గిది ఎక్కడా రాయలేను. ఎవరికీ చెప్పలేను. నువ్వు చెప్పినా నేను కాదంటా." సరే అన్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆమెను అడిగే. పేరు మార్చమంది, మార్చాను.

ఇంటికి పోయాక ఫిలిం అక్కకి చూపించాను, ఏమీ చెప్పకుండా. అక్క వెలుగులో పెట్టి చూసి, "దీనికి కోదాడ దాకా పోవాల్నా? మిల్లు నుసి పడి మా దండెం మీది లుంగీ రోజూ గిట్లనే ఉంటది" అంది.

ఆ సాయంత్రమే, శుక్రవారం, ఆఖరి గంటలో స్రవంతి అర్జీ పంపింది. అదే గెలాక్సీకి. ఫిలిం చూసి నిర్ణయించుకున్నావా అని అడిగాను. బెంగళూరు నుంచి వచ్చి మిర్యాలగూడలో బస్సు దిగినప్పుడే నిర్ణయించుకున్నానంది. నేను నమ్మలేదు. నమ్మలేదని ఆమెకి తెలుసు.

టైము ఇచ్చారు. గైడు ఆమెతో రెండు వారాలు సరిగా మాట్లాడలేదట. ఉపగ్రహం వంతు వచ్చేసరికి ఆ ఏడు పోయి మరుసటి ఏడు వానాకాలం వచ్చింది.

నేను సూర్యాపేట సెంటర్లో ఉన్నాను. చివ్వెంల నుంచి వచ్చిన ఒక ముసలాయన భుజాలు పట్టుకుని ఛాతీ ఎక్స్‌రేకి నిలబెడుతుంటే ఫోన్ మోగింది. బయటికొచ్చి ఎత్తాను.

"మామా, ఆ ఫిలిం ఉన్నదా?"

ఉందన్నాను. దాన్ని కోదాడలో వదల్లేదు, ఇంట్లోనే బీరువాలో పెట్టాను. సాయంత్రం ఇంటికి పోయి స్కేలు తీసుకుని ఫోన్ చేయమంది. నాకు లెక్కలు రావు కదా అన్నాను.

"లెక్క నేను చేసుకుంటా. నువ్వు అంకె సదువు, సాలు."

సాయంత్రం చదివాను. మధ్య గుండె నుంచి ఆ రెండు చుక్కలకి నాలుగు మిల్లీమీటర్లు. మధ్య గుండె నుంచి కుడి పక్క గుంపుకి యాభై ఆరు. అవతల పెన్ను చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"సరే మామా," అంది. "రెండో గుండె దొరికింది. ఇందాకనే చూసిన. నువ్వు చెప్పిన చోటనే ఉన్నది." మళ్లీ తనే, "నువ్వు చెప్పిన చోట అంటే, నేను చెప్పిన చోట" అని దిద్దుకుంది.

ఇప్పుడామె డాక్టర్ స్రవంతి. మా వంశంలో మొదటి డాక్టరు, అదీ మందుచీటీ రాయలేని డాక్టరు.

నేను ఆలోచించని దారి లేదు. డెవలపర్ పొడి సరిగా కరగకపోతే దాని పలుకులు ఫిలిం మీద నల్ల చుక్కలు వేస్తాయి, నిజమే. అలాంటి చుక్కలకి నీళ్లు కారిన వైపు తోక ఉంటుంది. వీటికి లేదు. అదే డెవలపర్లో కడిగిన మిగతా రెండింటి మీదా చుక్కల్లేవు. చుక్కలు కలవడం కాకతాళీయమని స్రవంతి అంటుంది. చుక్కలు ఎన్నయినా ఉంటే ఏదో ఒక బొమ్మకి సరిపోతాయని ఆమె లెక్క. సరే, ఒప్పుకుంటాను. సీసం అక్షరం సంగతేమిటంటే మాట మారుస్తుంది. కింది మూలన ఒంటరిగా ఉన్న చుక్క దగ్గర కొత్త ఫోటోలో కూడా ఏమీ లేదట. "ఇప్పటికైతే లేదు" అంటుంది, ఆ "ఇప్పటికైతే"ని కొంచెం మెల్లగా. నాకు మాత్రం ఇవాళ్టికీ లెక్క తేలలేదు. తొమ్మిదో తరగతి ఇంకోసారి చదివినా తేలదు.

పోయిన నెల ఫిలిం పట్టుకుని కోదాడ వెళ్లాను. సారు బాగా పెద్దవారైపోయారు, చూపు తగ్గింది. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా నా పని బాగుందనలేదు, ఇదైనా చూపిద్దామనుకున్నాను. కిందికి తీసుకొచ్చి లైటు డబ్బా వెలిగించాను. ఆయన అలవాటు ప్రకారం కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫిలింకి ముక్కు ఆనేంత దగ్గరికి వంగి, రెండు నిమిషాలు చూశారు. మధ్యలో గుండె దగ్గర, దాని పక్కనున్న రెండు చుక్కల దగ్గర వేలు పెట్టి ఆగారు.

"ఎవర్రా పేషెంటు?" అన్నారు.

దాచలేదు. స్రవంతి చదివే గెలాక్సీ అని, మీ మేడ మీదే తీశానని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అంతా విన్నారు. ఫిలిం తీసి నా చేతికిచ్చారు.

"ఎవరైతే నాకేంట్రా, కదిలింది. ఒకటి ఉన్నది రెండుగా పడింది. ఊపిరి బిగబట్టమని చెప్పలేదా?"

"చెప్పాను సార్. మేడ మీద నిలబడి, గట్టిగానే అరిచాను."

"అంత దూరం పేషెంటుకి ఆ గొంతు సరిపోద్దంట్రా, వెధవా? ఇంకోటి తియ్యి."